రిఫ్రిజిరేటరులో చల్లదనం లోపించడం

రిఫ్రిజిరేటరు (వాడుకలో ఫ్రిజ్) నడుస్తున్నట్లు కనిపిస్తూనే లోపలి పదార్థాలను తగినంతగా చల్లబరచలేకపోవడం ఇళ్ళలో తరచుగా ఎదురయ్యే సమస్య. కూరగాయలు, పాలు ఉంచే భాగంలో ఉష్ణోగ్రత సుమారు 4 డిగ్రీల సెల్సియస్, ఫ్రీజరులో -18 డిగ్రీలు ఉండాలి. ఈ స్థితి తప్పగానే "గ్యాసు అయిపోయింది" అనుకోవడం పరిపాటి. అయితే గ్యాసు వాడకం వలన తరిగిపోయే వస్తువు కాదు. చాలా సందర్భాలలో కారణం యంత్రం బయటే ఉంటుంది. అందువలన పరీక్షను సులభమైన కారణాలతో మొదలుపెట్టి, చివరగా గ్యాసు వైపు వెళ్ళాలి.

పనిచేసే విధానం

రిఫ్రిజిరేటరు చలిని పుట్టించదు. లోపలి వేడిని బయటికి చేరవేస్తుంది. కంప్రెసరు వాయువును అధిక పీడనానికి గురిచేస్తుంది. వేడెక్కిన వాయువు కండెన్సరు గొట్టాలలో తన వేడిని గదిలోని గాలికి వదిలి ద్రవంగా మారుతుంది. ఈ ద్రవం సన్నని కేపిలరీ గొట్టం గుండా ప్రయాణించి, పీడనం తగ్గిన తరువాత ఎవాపరేటరులో ఆవిరి అవుతూ లోపలి వేడిని గ్రహిస్తుంది. ఆ ఆవిరి తిరిగి కంప్రెసరుకు చేరుతుంది. వేడి బయటికి పోయే దారి మూసుకుపోయినా, బయటి వేడి లోపలికి అధికంగా ప్రవేశించినా చల్లదనం తగ్గుతుంది.

ముందుగా ఉష్ణోగ్రతను కొలవడం మంచిది. తలుపు తీయగానే లోపలి గాలి వేడెక్కుతుంది కనుక గాలిని కొలిస్తే సరైన అంచనా రాదు. మధ్య అరలో గ్లాసుడు నీళ్ళలో థర్మామీటరు ఉంచి, రాత్రంతా తలుపు తీయకుండా ఉదయం చూడాలి.

ఇంట్లో సరిచేయదగిన కారణాలు

* గాలి ఆడకపోవడం: కండెన్సరు వెనుక వైపు, అడుగున లేదా పక్క గోడల లోపల ఉంటుంది. దానిపై దుమ్ము పేరుకున్నా, ఫ్రిజ్‌ను గోడకు ఆనించినా వేడి బయటికి పోదు. పక్క గోడలు గోరువెచ్చగా ఉండడం మాత్రం లోపం కాదు.
* వేసవి ఎండ: ఉష్ణమండల తరగతి ఫ్రిజ్‌లు 43 డిగ్రీల వరకు గది ఉష్ణోగ్రతకు రూపొందించబడతాయి. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల వేసవిలో అంతకు మించిన ఎండ కాసే రోజులు ఉంటాయి. పొయ్యి పక్కన, ఎండ పడే చోట ఫ్రిజ్‌ను ఉంచరాదు.
* తలుపు రబ్బరు పట్టీ: తలుపు సందులో కాగితం ముక్క ఉంచి మూసి లాగాలి. అడ్డు లేకుండా జారి వస్తే అక్కడ పట్టీ వదులైనట్లు. జిడ్డు పట్టిన పట్టీని సబ్బునీటితో తుడిస్తే చాలాసార్లు సరిపోతుంది.
* లోపల కిక్కిరిసిన సామాను: గాలి వచ్చే రంధ్రాలకు గిన్నెలు అడ్డుపడితే చలి అన్ని అరలకు చేరదు. వేడి అన్నం, కూరలు లోపల పెట్టినా ఇదే ఫలితం.
* పేరుకున్న మంచు: మంచు ఉష్ణాన్ని సరిగా ప్రసరింపనీయదు. డైరెక్ట్ కూల్ రకంలో మంచు అర సెంటీమీటరు దాటకముందే కరిగించాలి. చాకుతో గీకితే ఎవాపరేటరుకు చిల్లు పడి గ్యాసు పోతుంది. ఇది వేలతో కూడిన ఖర్చు.

లక్షణాలను బట్టి లోపం

* లోపలి దీపం వెలగకపోతే ముందుగా ప్లగ్గు, ఫ్యూజు చూడాలి.
* దీపం వెలుగుతూ, కంప్రెసరు కొన్ని నిమిషాలకొకసారి "టిక్" మని ఆగిపోతుంటే వోల్టేజి తగ్గి ఉండవచ్చు, లేదా రిలే, ఓవర్‌లోడ్ ప్రొటెక్టరు చెడి ఉండవచ్చు. కరెంటు పోయి వచ్చినప్పుడు గొట్టాలలో పీడనం సమం కావడానికి సుమారు అయిదు నిమిషాలు ఆగి ఫ్రిజ్ వేయడం మేలు.
* ఫ్రాస్ట్ ఫ్రీ రకంలో ఫ్రీజరు చల్లగా ఉండి కింది భాగం చల్లబడకపోతే ఫ్యాను ఆగి ఉండవచ్చు, లేదా మంచు కరిగించే హీటరు పనిచేయక లోపలి గాలి దారి మూసుకుపోయి ఉండవచ్చు. ఫ్రిజ్‌ను ఒక రోజు ఆపి తలుపు తెరిచి ఉంచితే బాగుపడి, కొద్ది రోజులకే మళ్ళీ చెడితే లోపం హీటరు వ్యవస్థలోనిదని భావించవచ్చు.
* కంప్రెసరు ఆగకుండా నడుస్తూ, కండెన్సరు వేడెక్కక, ఎవాపరేటరులో కొంతభాగం మీదే మంచు పడితే గ్యాసు తగ్గిందని అనుమానించాలి. కేపిలరీ మూసుకుపోవడం, కంప్రెసరు బలహీనపడడం కూడా ఇటువంటి లక్షణాలనే చూపవచ్చు.

గ్యాసు నింపడం

వలయం పూర్తిగా మూసి ఉంటుంది. గ్యాసు తగ్గిందంటే ఎక్కడో కారుతున్నదని అర్థం. కారే చోటును వెదకి అతకకుండా గ్యాసు నింపితే కొన్నాళ్ళకే సమస్య తిరిగి వస్తుంది. ఏ గ్యాసు నింపాలో ఫ్రిజ్ వెనుక ఉన్న చీటీపై రాసి ఉంటుంది. పాత ఫ్రిజ్‌లలో ఆర్-12 వాడేవారు. అది ఓజోన్ పొరకు హాని చేస్తుంది కనుక 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం దానిని దశలవారీగా తొలగించారు. ఆ తరువాత ఆర్-134ఎ, ఆర్-600ఎ (ఐసోబ్యూటేన్) వచ్చాయి. ఐసోబ్యూటేన్ మండే వాయువు. ఇది ఉన్న ఫ్రిజ్‌కు శిక్షణ పొందిన మెకానిక్కు చేతనే మరమ్మత్తు చేయించాలి. గ్యాసు కారుతున్నట్లు అనుమానం ఉంటే దగ్గరలో నిప్పు, స్విచ్చులు తాకక కిటికీలు తెరవాలి.

ఆహారం, మందులు

ఫ్రిజ్ చెడినా పదార్థాలు పైకి బాగానే కనిపించవచ్చు. పాడైన ఆహారానికి ఎల్లప్పుడూ వాసన రాదు. తలుపు తీయకుండా ఉంచితే ఆహారం సుమారు 4 గంటలపాటు చల్లగా నిలుస్తుంది. ఆ తరువాత పాలు, మాంసం, వండిన కూరలను వాడకపోవడం మంచిది. ఇన్సులిన్‌ను 2 నుండి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. అది గడ్డకడితే వాడరాదు. కనుక ఇన్సులిన్ ఉన్న ఇంట్లో మరమ్మత్తు అయ్యేవరకు దానిని పొరుగువారి ఫ్రిజ్‌లోనో, మందుల దుకాణంలోనో భద్రపరచడం మొదటి పని.