గంగబాబు కోసం తెరిచిన తలుపు



ఈ వారం కొంచెం చరిత్ర చెప్పుకుందాం. ముందుగా మా తప్పు ఒకటి మీ ఎదుట ఒప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం ఒక తల్లి, పదో తరగతి పాసైన కూతుర్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. "అయ్యగారూ, మా గుంటకి డాక్టరు సదువంటే పేణం. ఎడమ సేతికి రెండు వేళ్లు లేవు. బైపీసీలో సేరిపించమంటారా?" అని అడిగింది. మేము ప్రార్థన చేసి, "ఆ చదువు కష్టం తల్లీ, సీఈసీలో వేయండి" అని పంపేశాం. ఆ అమ్మాయిని ఒక్క మాట కూడా అడగలేదు. లేని రెండు వేళ్లను చూశాం గాని, ఉన్న ఎనిమిదింటినీ చూడలేదు.

ఆ మాట ఇప్పటికీ మమ్మల్ని గుచ్చుతుంది. ఎందుకంటే మన విజయనగరం చరిత్రే మాకు వేరే దారి చూపించి ఉండాల్సింది.

విజయనగరం సంగీత కళాశాల మీ అందరికీ తెలుసు. 1919లో విజయరామ గజపతిరాజు దాన్ని స్థాపించారు. దాని పుట్టుక గురించి మన ప్రాంతంలో ఒక సంగతి చెప్పుకొంటారు. సంస్థానంలో పనిచేసే చాగంటి జోగారావు గారికి గంగబాబు అనే కొడుకు ఉండేవాడు. చూపు లేదు. సంగీతమంటే ఆశ. ఆ పిల్లవాడి కోసమే రాజావారు పాఠశాల తెరిచారట. చూపు లేనివాడికి చదువెందుకు అనలేదు. వాడు నేర్చుకోవాలంటే మనమేం చేయాలి అని ఆలోచించారు.

ఆ పాఠశాలకు మొదటి అధ్యక్షుడు ఆదిభట్ల నారాయణదాసు గారు. అక్కడ చేరడానికి ద్వారం వెంకటస్వామినాయుడు అనే యువకుడు వచ్చాడు. చిన్నప్పటి నుంచి చూపు మందం. దాసుగారు ఆయన వయొలిన్ విని, విద్యార్థిగా కాదు, అధ్యాపకుడిగానే తీసుకున్నారు. 1936లో ఆయనే ఆ కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. తర్వాతి కాలంలో ఘంటసాల చదువుకున్నదీ అక్కడే. ఒక్క పిల్లవాడి కోసం తెరిచిన తలుపులోంచి ఎంతమంది లోపలికి వెళ్లారో చూడండి.

మీలో కొందరు అనుకుంటారు: "అయ్యగారూ, పాట వేరు, వైద్యం వేరు. అక్కడ రోగి ప్రాణం ఉంటుంది కదా." ఈ ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు వేలూరులో ఉంది.

మేరీ వర్గీస్ గారు వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టరు. 1954లో వాహన ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతింది. నడుము కింద స్పర్శ పోయింది. ఇక వైద్యం ముగిసినట్టే అని ఎవరైనా అనుకుంటారు. అప్పుడు అక్కడ కుష్ఠు రోగుల చేతులు బాగుచేస్తున్న డాక్టర్ పాల్ బ్రాండ్ గారు ఆమెలో మిగిలినదాన్ని చూశారు. చేతి శస్త్రచికిత్స కూర్చుని చేయవచ్చు. ఆమె చేతులు బాగానే ఉన్నాయి. అలా చక్రాల కుర్చీలో కూర్చునే ఆమె వంకరపోయిన వేళ్లను సరిచేశారు. మన సాలూరు ఫిలదెల్ఫియ ఆసుపత్రిలో కుష్ఠు రోగుల చేతులు చూసినవారికి ఆ పని విలువ వేరే చెప్పక్కర్లేదు.

ఆమె అక్కడితో ఆగలేదు. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో పునరావాస చికిత్స పొంది, న్యూయార్క్ వెళ్లి అదే శాస్త్రంలో మళ్లీ విద్యార్థి అయ్యారు. తిరిగొచ్చి వేలూరులో ఆ విభాగాన్ని నడిపించారు. 1966లో పునరావాస కేంద్రం ప్రారంభమైంది. 1972లో పద్మశ్రీ వచ్చింది. రోగుల విషయంలో ప్రమాణం తగ్గించలేదు. పని చేసే పద్ధతి మాత్రం మార్చారు.

ఇంత సాక్ష్యం కళ్ల ముందున్నా దేశంలోని నియమాలు చాలాకాలం వేరుగా నడిచాయి. 1995 చట్టం 3 శాతం సీట్లు ఇచ్చింది. కాని ఎంబీబీఎస్‌లో అవి కాళ్ల వైకల్యం ఉన్నవారికే పరిమితమయ్యాయి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించి, ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు కేటాయించమంది. అయినా 2019లో వైద్య మండలి మార్గదర్శకాలు రెండు చేతులూ పూర్తిగా బాగుండాలన్నాయి. సరిగ్గా మేము ఆ తల్లికి చెప్పిన మాటే.

2024 అక్టోబరు 15న సుప్రీంకోర్టు ఒక తీర్పులో, వైకల్యం శాతం చూసి మాత్రమే సీటు నిరాకరించకూడదని చెప్పింది. ఆ విద్యార్థి కోర్సు చదవగలడా లేదా అన్నది వైద్య బోర్డు పరిశీలించాలి. కాదంటే కారణాలు రాయాలి. 2025 ఫిబ్రవరి 21న మరో విద్యార్థి కేసులో, రెండు చేతులూ బాగుండాలన్న నియమం చట్టానికి విరుద్ధమని తేల్చింది.

మోషే తన నోరు మాంద్యమైనదని చెప్పినప్పుడు ఏం జరిగిందో మీకు తెలుసు. దేవుడు అతన్ని పని నుంచి తప్పించలేదు. అహరోనును తోడిచ్చాడు. చట్టం ఇప్పుడు కళాశాలలను అడుగుతున్నది కూడా అలాంటి తోడే. చక్రాల కుర్చీ వెళ్లే ర్యాంపు, హాస్టల్లో వాడుకోగలిగే మరుగుదొడ్డి, వినికిడి తక్కువైతే శబ్దం పెంచే స్టెతస్కోపు, చేయి చాలని చోట సహాయకుడు.

ప్రియులారా, వైద్య విద్య ఇప్పుడు మనకు దూరం కాదు. శ్రీకాకుళంలో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. నెల్లిమర్లలో మిమ్స్ ఉంది. విజయనగరంలో ప్రభుత్వ కళాశాల 2023లో మొదలైంది. తలుపు దగ్గరలోనే ఉంది. దారిలో అడ్డం నిలబడేది చాలాసార్లు మనమే. "నీవల్ల కాదమ్మా" అనే మాట బోర్డుకన్నా ముందు మన ఇళ్లలో, మన గుడిలో వినబడుతుంది.

అందుకే ఒక మనవి. మీ ఇంట్లో అలాంటి బిడ్డ ఉంటే యూడీఐడీ కార్డు ముందే చేయించండి. ఆఖరి నెలలో పరుగులు పెట్టకండి. రాయడం కష్టమైన పిల్లలకు పరీక్షలో రాసిపెట్టే మనిషి, గంటకు 20 నిమిషాల అదనపు సమయం అడిగే హక్కు ఉంది. సీటు కాదంటే కారణం రాతలో అడగండి. కాగితాలు అర్థం కాకపోతే మా దగ్గరికి తీసుకురండి. కూర్చుని కలిసి చదువుదాం.

ఆ తల్లి ఈమధ్య గుడిలో కనబడింది. అమ్మాయి డిగ్రీ చదివి ఒక దుకాణంలో లెక్కలు రాస్తోందట. మేము క్షమాపణ అడిగాం. ఆమె నవ్వి, "సిన్నోడు తొమ్మిదిలో ఉన్నాడు అయ్యగారూ, ఆడికి సెవుడు. ఈసారి సరిగా సెప్పండి" అంది.

ఈసారి ముందు ఆ బాబునే అడుగుతాం, ఏం చదవాలని ఉందో. మీ ప్రార్థనల్లో ఆ ఇంటిని జ్ఞాపకం చేసుకోండి.