వృద్ధాప్యంలో కాలి బలం, పడిపోయే ముప్పు

పెద్దవయసులో పడిపోవడానికి దారితీసే కారణాల్లో కాళ్ల కండరాల బలహీనత ప్రధానమైనది. సరిదిద్దుకోగలిగిన వాటిలో బహుశా మొదటిది కూడా. చూపు మందగించడం, నిద్రమాత్రలు, లేచి నిలబడగానే రక్తపోటు పడిపోవడం, మధుమేహం వల్ల అరికాళ్లలో స్పర్శ తగ్గడం వంటివి దీనికి తోడవుతాయి. అందుచేత ఒక్కో కారణం వాటా ఎంతో విడదీసి చెప్పడం కష్టం. అమెరికాలో మేరీ టినెట్టి బృందం 1988లో ప్రచురించిన పరిశీలనలో, 75 ఏళ్లు దాటి ఇళ్లలోనే ఉంటున్న 336 మందిలో 32 శాతం ఏడాదిలో కనీసం ఒకసారి పడ్డారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం అన్ని వయసుల్లో కలిపి ఏటా 6,84,000 మంది పడిపోవడం వల్ల మరణిస్తున్నారు. ఈ మరణాలు 60 దాటినవారిలోనే అత్యధికం.

వయసుతో కండ తరిగిపోవడానికి సార్కోపీనియా అనే పేరు పెట్టింది ఇర్విన్ రోజెన్‌బర్గ్. పేరు పెట్టిన సంవత్సరాన్ని కొందరు 1988 అని, కొందరు 1989 అని రాస్తారు. ఆయన ఆ పేరు ప్రతిపాదించిన ఆల్బుకర్కీ సమావేశం జరిగింది 1988లో, ఆ ప్రసంగం అచ్చయింది 1989లో కనుక మొదటిదే సమంజసం. చాలాకాలం కొలత అంటే కండ పరిమాణమే. అయితే 70 దాటినవారిని మూడేళ్లు గమనించిన ఒక అమెరికన్ అధ్యయనం (2006), కండ తరిగే వేగానికి సుమారు మూడు రెట్ల వేగంతో బలం తగ్గుతోందని చూపింది. యూరోపియన్ నిపుణుల బృందం తన సవరించిన నిర్వచనంలో బలానికే మొదటి స్థానం ఇచ్చింది. పడిపోయే ముప్పు విషయంలో ఈ పద్ధతే ఎక్కువ అక్కరకొస్తుంది.

గడపకు కాలి వేళ్లు తగిలాయనుకుందాం. ఒళ్లు ముందుకు తూలుతుంది. రెండో కాలు రెప్పపాటులో ముందుకు పడాలి, మోకాలు కుప్పకూలకుండా ఒంటి బరువంతా ఆపాలి. ఇందుకు బలం ఉంటే చాలదు, అది వెంటనే అందాలి. వయసుతో ఎక్కువగా సన్నబడేవి వేగంగా ముడుచుకునే టైప్ 2 తంతువులే. అసలు కాలు గడపకు తగలడంలోనూ కండరానికి పాత్ర ఉంది. పాదాన్ని పైకెత్తే కండరం నీరసిస్తే కాలు ఈడుస్తూ నడుస్తారు. 1987లో విప్పుల్, వుల్ఫ్‌సన్ బృందం నర్సింగ్ హోముల్లో పడినవారిని, పడనివారిని పోల్చినప్పుడు మోకాలి బలంలోనూ తేడా కనిపించింది గానీ, చీలమండ దగ్గర, ముఖ్యంగా పాదాన్ని పైకెత్తే బలంలో, తేడా మరీ ఎక్కువగా ఉంది. 2004 నాటి ఒక సమీక్ష లెక్కలో కాళ్ల బలహీనతకు, పడిపోవడానికి మధ్య అవకాశాల నిష్పత్తి (ఆడ్స్ రేషియో) 1.76. పదేపదే పడేవారి విషయంలో అది 3.06.

తొంభై ఏళ్ల కండరం కూడా వ్యాయామానికి స్పందిస్తుందని గట్టిగా నిరూపించింది మరియా ఫియటరోన్. బోస్టన్‌లోని ఒక వృద్ధుల పునరావాస కేంద్రంలో సగటున 90 ఏళ్ల వయసున్న పదిమంది చేత ఎనిమిది వారాలు తొడ కండరాలకు బరువుల వ్యాయామం చేయించారు. వాడింది చిన్నాచితకా బరువులు కాదు, వారు ఎత్తగలిగిన గరిష్ఠ బరువులో 80 శాతం దాకా. 1990లో వెలువడిన ఫలితం: కాలి బలం సగటున 174 శాతం పెరిగింది, నడి తొడ కండ మాత్రం 9 శాతమే పెరిగింది. ఇద్దరు చేతికర్ర వదిలేశారు. సాధన ఆపిన నాలుగు వారాలకే బలంలో దాదాపు మూడోవంతు పోయింది. 1994లో వందమందితో చేసిన ప్రయోగం ఇదే ధోరణిని చూపింది. వ్యాయామం లేకుండా పోషకాహార పానీయం ఒక్కటే ఇచ్చినవారికి ప్రయోజనం కనబడలేదు.

బలం పెరిగితే పడడం తగ్గుతుందా అన్నది వేరే ప్రశ్న. 108 ప్రయోగాలను కూర్చిన 2019 కాక్రేన్ సమీక్ష ప్రకారం వ్యాయామం వల్ల పడిపోవడం 23 శాతం తగ్గింది. నిలదొక్కుకునే సాధనకు బరువుల సాధన తోడైతే తగ్గుదల 34 శాతం దాకా ఉండవచ్చు. బరువుల సాధన ఒక్కదానికే అంత ఫలం ఉందని ఆ సమీక్ష చెప్పలేకపోయింది. న్యూజీలాండ్‌లోని డ్యునెడిన్‌లో రూపొందిన ఒటాగో పద్ధతి ఈ రెంటినీ కలిపింది: చీలమండకు బరువు కట్టుకుని కాలు ఎత్తడం, మడమ వేళ్లకు ఆనించి నడవడం, వారంలో కొన్ని రోజులు నడక. నాలుగు ప్రయోగాలను కలిపి చూస్తే పడడం 35 శాతం తగ్గింది.

ఇంట్లోనే చేయదగిన పరీక్ష ఒకటుంది. చేతులు ఛాతీ మీద కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవాలి. ఆసియా నిపుణుల 2019 ప్రమాణంలో 12 సెకన్లు, అంతకుమించి పడితే లోపమే. యూరప్ హద్దు 15 సెకన్లు. మన జనానికి ఆసియా హద్దే దగ్గరగా ఉంటుందనుకోవచ్చు. పక్కన ఒకరు నిలబడి ఉండాలి. నేల మీద కూర్చుని లేవడం అలవాటైన మన ఇళ్లలో, ఏ ఆసరా కోసం చెయ్యి చాపుతున్నారో గమనించినా కొంత తెలుస్తుంది.

ఆహారం సంగతికొస్తే, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో వయోజనులకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ సిఫారసు చేసింది. పెద్దవారికి ఇంకొంచెం ఎక్కువ కావాలనే నిపుణులూ ఉన్నారు. కిడ్నీ జబ్బు ఉన్నవారు వైద్యుణ్ణి అడగాల్సిందే. విటమిన్ డి విషయంలో జాగ్రత్త అవసరం. ఆస్ట్రేలియాలో ఏడాదికోసారి 5,00,000 యూనిట్లు ఒకే మోతాదుగా ఇచ్చిన ప్రయోగంలో (2010) మహిళలు పడడం, ఎముకలు విరగడం తగ్గకపోగా పెరిగాయి. వైద్యుడు చెప్పనిదే పెద్ద మోతాదులు వాడకూడదు. ఒకసారి పడినవారిని మంచానికి పరిమితం చేస్తే ఉన్న బలమూ పోతుంది. దెబ్బ తగలలేదని తేలాక వీలైనంత త్వరగా ఫిజియోథెరపిస్టుకు చూపించాలి.