ట్రాక్టర్ ఇంజిన్‌లో ఆయిల్ ప్రసరణ లోపాలు (సిద్దిపేట ప్రాంతం)

సిద్దిపేట జిల్లాలో రోడ్డు వదిలి బురదలో ఎక్కువగా పనిచేసే బండి ట్రాక్టరే. చంద్లాపూర్ దగ్గరి రంగనాయక సాగర్ 2020 ఏప్రిల్‌లో, 50 టీఎంసీల మల్లన్న సాగర్ 2022 ఫిబ్రవరిలో ప్రారంభమయ్యాక ఇక్కడ వరి సాగు పెరిగింది. వానాకాలం, యాసంగి రెండింటికీ కేజీవీల్స్ బిగించి కరిగట్టు చేయాల్సిందే. ఆ చక్రాలతో తారురోడ్డెక్కొద్దని అధికారులు ఏటా హెచ్చరిస్తారు గానీ, వాటితో మడిలో తిరిగేటప్పుడు ఇంజిన్ మీద పడే భారం గురించి చెప్పేవాళ్లు తక్కువ.

ఇంజిన్ అడుగున ఉండే చాంబర్ నుంచి పంపు జాలీ గుండా ఆయిల్‌ను పీల్చి, ఫిల్టర్ దాటించి, ప్రధాన నాళంలోకి తోస్తుంది. అక్కడి నుంచి అది మెయిన్ బేరింగులకు, క్రాంక్ లోపలి రంధ్రాల ద్వారా కనెక్టింగ్ రాడ్ బేరింగులకు, పైన రాకర్లకు చేరుతుంది. రాడ్ బేరింగులది వరుసలో చివరి వంతు. కాబట్టి ఆయిల్ తగ్గితే సాధారణంగా ముందు దెబ్బతినేవి అవే. టర్బో ఉంటే దాని షాఫ్టూ అంతే.

బండి వెనక చక్రాలు దిగబడి ముక్కు పైకి లేచినప్పుడు చాంబర్‌లోని ఆయిల్ ఒక పక్కకు చేరుతుంది. మట్టం తక్కువుంటే జాలీ గాలిని పీలుస్తుంది. సరిగ్గా అప్పుడే డ్రైవర్ బండిని బయటికి తీయాలని నిండా రేజ్ చేస్తాడు. దీనికి విరుగుడని గేజీ పై గుర్తు దాటించి ఆయిల్ పోసేవాళ్లున్నారు. అది మరీ చెడ్డ పని. క్రాంక్ ఆ ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది, పంపులోకి మళ్లీ గాలే వెళ్తుంది. మట్టం చూడాల్సింది చదునైన నేల మీద, ఇంజిన్ ఆపి కొన్ని నిమిషాలు ఆగాక. చూసేది మట్టం ఒక్కటే కాదు. ఆయిల్ పాలమాదిరిగా ఉంటే నీళ్లు కలిశాయి. పోయకుండానే మట్టం పెరిగి డీజిల్ వాసన వస్తే ఇంధనం కారి ఆయిల్ పలచబడింది.

ఆయిల్ ఒత్తిడి ఎర్ర లైటు వెలగలేదంటే అంతా బాగుందని చాలామంది నమ్మకం. చాలా వాహనాల్లో ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు అర కిలో దరిదాపులకు పడిపోతేగానీ ఆ లైటును వెలిగించే స్విచ్ పనిచేయదు. నిండు వేగంలో పనిచేసే బేరింగుకు ఆ ఒత్తిడి ఏ మూలకూ చాలదు. అందుకే ఇంజిన్ విప్పకముందే స్విచ్ తీసి ఆ చోట ముల్లు మీటర్ బిగించి, బండి బాగా వేడెక్కాక ఐడిల్‌లో ఒకసారి, పని వేగంలో ఒకసారి చూసి, కంపెనీ పుస్తకంలోని అంకెతో పోల్చాలి. చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడికి పడిపోతే బేరింగులు అరిగి సందు పెరిగిందని, లేదా ఆయిల్ పలచబడిందని అనుమానించాలి. చల్లగా ఉన్నప్పుడూ తక్కువే ఉంటే జాలీ, పంపు, రిలీఫ్ వాల్వ్ చూడాలి. ముల్లు వణికితే గాలి కలుస్తోంది. మోసం చేసేది నాలుగో రకం: మీటర్ నిండుగా చూపిస్తుంది, రాకర్లు మాత్రం పొడిగా ఉంటాయి. మీటర్ కొలిచేది ఒత్తిడినే, ప్రవాహాన్ని కాదు. నాళం ఎక్కడో పూడుకుపోతే దానికి ముందు ఒత్తిడి తగ్గదు.

పాత ఫిల్టర్‌ను పారేయకుండా కోసి, లోపలి కాగితం మడతలు ఎండలో విప్పి చూస్తే చాలా తెలుస్తుంది. అయస్కాంతానికి అంటుకునే పొడి ఇనుముది లేదా ఉక్కుది, అంటని తెల్లటి పలుకులు పిస్టన్ అల్యూమినియానివి కావచ్చు. రాగిరంగు రజను కనిపిస్తే చాలా రకాల బేరింగుల్లో పై పూత పోయి లోపలి పొర అరుగుతోందని అర్థం. ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేయని బండిలో దుమ్ము లైనర్లనూ రింగులనూ తినేస్తుంది. అప్పుడు బ్రీదర్ నుంచి పొగ ఉబికివస్తుంది.

లోడు మీద లోతుగా టక్‌టక్‌మంటే రాడ్ బేరింగు మీద అనుమానం. ఐడిల్‌లో ఒక్కో ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేస్తూ పోతే, లోపమున్న సిలిండర్ దగ్గర శబ్దం తగ్గుతుంది. ఈ పరీక్ష నిమిషాల్లో ముగించాలి. శబ్దం నిర్ధారణ కోసమని ఇంకో మడి దున్నితే క్రాంక్ కూడా పోతుంది, ఇంజిన్ పట్టేస్తుంది.

కొత్త బేరింగులు వేసినా కొన్నాళ్లకే మళ్లీ పోవడానికి పెద్ద కారణం పాత రజను. ఆయిల్ కూలర్‌లో, నాళాల మూలల్లో అది దాగి ఉంటుంది. ప్లగ్గులు తీసి అన్నీ కడగాలి. బిగించాక వెంటనే స్టార్ట్ చేయకుండా, స్టాప్ గుంజి పట్టి, లైటు ఆరేదాకా ఆగి ఆగి సెల్ఫ్ కొట్టాలి.