టైరు దొర్లునపుడు నష్టమగు శక్తి

1847లో లండను నగరమందలి రీజెంట్స్ పార్కులో ఒక వింత చక్రము ప్రదర్శింపబడెను. బండి చక్రమునకు ఇనుపపట్టాకు బదులు గాలి నింపిన గొట్టము అమర్చబడియుండెను. రబ్బరు పట్టించిన కాన్వాసు గొట్టము, దానిపై తోలు తొడుగు, ఇంతియే దాని నిర్మాణము. దీనిని కనిపెట్టినవాడు రాబర్ట్ విలియం థామ్సన్ అను స్కాట్లండు దేశీయుడు. 1845లో పేటెంటు పొందునాటికి అతనికి ఇరువదిమూడేండ్లు.

ఈ చక్రమును మామూలు చక్రముతో పోల్చి, బండిని లాగుటకు కావలసిన బలమును కొలిచిరి. చదునైన గట్టి కంకరరోడ్డుపై మామూలు చక్రములకు 45 పౌనులు కావలసిరాగా, గాలిచక్రములకు 28 పౌనులు చాలినవి. కొత్తగా పరచిన పగులురాళ్లపై 120 పౌనులకు బదులు 38½ పౌనులే సరిపోయినవి. ఈ రెండవ జత అంకెలు మిక్కిలి గమనింపదగినవి. ఇనుపపట్టా చక్రము ప్రతి రాతిని ఎక్కుచు బండినంతటిని పైకెత్తవలెను. దిగునపుడు ఆ శక్తి దడదడలలో వ్యర్థమగును. ఎడ్లబండిలో కంకరబాటను పోయినవారి ఒడలికి ఈ సంగతి తెలియును! గాలిచక్రమో, రాతిని తనలో ఇముడ్చుకొనును. అయినను థామ్సన్ చక్రము మరుగునపడెను. 1888లో బెల్ఫాస్టులో డన్లప్ తన కుమారుని మూడుచక్రముల సైకిలు కొఱకు గాలిటైరును మరల కనిపెట్టెను.

చదునైన రోడ్డుపై ఎక్కవలసిన రాళ్లు లేవు గదా. అచ్చటను లాగుబలమేల కావలయును? 1875లో ఆస్బర్న్ రేనాల్డ్స్ రబ్బరుపై ఇనుప రోలరును దొర్లించి చూచెను. ఒక చుట్టు తిరుగునప్పటికి అది తన చుట్టుకొలతకంటె కొంచెము తక్కువ దూరమే పోయెను. తాకుచోట రబ్బరు సాగుచు కొద్దిగా జారుచున్నదనియు, ఆ జారుడు ఘర్షణయే నిరోధమునకు కారణమనియు అతడు తలచెను. ఊహ సహజమైనదే.

1950 తరువాత కేంబ్రిడ్జిలో డేవిడ్ టేబర్ దీనిని సులభమైన ఉపాయముతో పరీక్షించెను. జారుటయే కారణమైనచో కందెన పూసినంతనే నిరోధము బాగుగ తగ్గవలెను. పూసి చూడగా, ఇంచుమించు తగ్గనే లేదు! నష్టము రబ్బరు ఉపరితలమున గాక, లోపల జరుగుచున్నది. రబ్బరును అదిమినపుడు మనము వెచ్చించిన శక్తినంతను అది తిరిగి యీయదు. కొంత ఉష్ణముగా మారిపోవును. ఈ గుణమునకు శైథిల్యము, అనగా హిస్టెరిసిస్, అని పేరు. రెండు రబ్బరు బంతులను ఒకే ఎత్తునుండి విడిచినచో, తక్కువ ఎత్తు లేచిన దానిలో శైథిల్యము హెచ్చు. టైరులో నేలను తాకు భాగము ప్రతి చుట్టునందును అణగి లేచుచుండును. గాలి తక్కువైన టైరు మరింత అణగును, మరింత వేడెక్కును, ఆ మేరకు పెట్రోలును త్రాగించును.

అట్లయిన మిక్కిలి ఎగిరెడు రబ్బరుతోనే టైరు చేయరాదా? చిక్కు ఇచ్చటనే యున్నది. కందెన పూసిన రబ్బరుపై గట్టి వస్తువు జారునపుడు ఘర్షణ నిచ్చునది ముఖ్యముగా శైథిల్యమేయని 1958లో గ్రీన్‌వుడ్, టేబర్ చూపిరి. వానకు తడిసిన రోడ్డు అట్టిదే గదా. పెట్రోలును తినివేయు గుణమే బ్రేకు వేసినపుడు బండిని నిలుపుచున్నదన్నమాట.

మిషలిన్ కంపెనీ 1946లో పేటెంటు పొందిన రేడియల్ టైరు కొంత మేలు చేసెను. దాని త్రాళ్లు అడ్డముగా నుండుటచే పొరలు ఒకదానిపై నొకటి ఒరయుట తగ్గును. మన్నికకై కొన్న ఈ టైరు పెట్రోలును గూడ మిగుల్చుననుటకు, 1973లో చమురు ధర పెరిగిన పిమ్మటనే విలువ వచ్చెను. అయితే రబ్బరులోని చిక్కు విడలేదు.

అది కొంత విడినది 1992లో. దొర్లునపుడు టైరులోని ఒక్కొక్క చోటు సెకనుకు పది పదునైదు సార్లు మాత్రమే అణగును. తడిరోడ్డు గరుకుపై జారునపుడు రబ్బరు వేలసార్లు, లక్షలసార్లు అదరును. నెమ్మది అదురులో తక్కువ శైథిల్యమును, వడిగల అదురులో ఎక్కువ శైథిల్యమును చూపు రబ్బరు దొరకినచో రెండును సిద్ధించును. నల్లని కార్బను పొడిలో చాలభాగమునకు బదులు సిలికాను కలిపి, దానిని రబ్బరుతో బంధించు రసాయనమును చేర్చి మిషలిన్ ఇట్టి టైరును అమ్మకమునకు తెచ్చెను.

2012 నవంబరు నుండి ఐరోపా సమాఖ్యలో అమ్ము కొత్త టైర్లకు లేబులు తప్పనిసరి యైనది. దొర్లుడు నిరోధమున మొదటి తరగతికి చేరవలెనన్న కారు టైరు, టన్ను బరువుకు 6.5 కిలోల బలమును మించి కోరరాదు. తడిరోడ్డుపై పట్టు ఎంతయో తెలుపు మరియొక అక్షరము, అదే లేబులుపై దాని ప్రక్కనే యుండును.