మా అమ్మ బొంత

కోటలకు చరిత్ర ఉంది. పట్టుచీరలకు చరిత్ర ఉంది. మా మాలవాడలో ఇంటింటా కుట్టిన బొంతకు మాత్రం లేదు. చేతిపనుల ముచ్చట వచ్చినప్పుడు కూడా దాని పేరెత్తేటోళ్లు తక్కువ. ఎందుకో తెలవాలంటే ఆ బొంతలోకి గుడ్డ ఎక్కడ్నించి వచ్చిందో అడగాలె.

ముతకగుడ్డ నేసినోళ్లలో మావోళ్లూ ఉన్నరు. షెడ్యూల్డు కులాల జాబితాలో మాల సాలె అన్న పేరే ఉంది. నేసినోళ్ల ఒంటి మీద కొత్తగుడ్డ ఎందుకు లేదు? మనుస్మృతి పదో అధ్యాయం చూడండి. 52వ శ్లోకం చండాలుడికి శవాల మీది బట్టలే బట్టలన్నది. 125వ శ్లోకం శూద్ర సేవకుడికి ఎంగిలి కూడు, పాతబట్టలు ఇమ్మన్నది. 1927 డిసెంబరు 25న మహద్‌లో అంబేద్కర్ నాయకత్వంలో ఆ పుస్తకాన్ని తగలబెట్టారు. మా ఊర్లో మాత్రం ఆ శ్లోకం నడుస్తనే ఉండె. దొరసాని పాత చీర ఎత్తి పడేస్తే మా అమ్మ కొంగు పట్టేది. ఏడాది పాటు వాకిలి ఊడ్చిన దానికి అదే కూలి.

అమ్మ ఆ చీరను ఉడకబెట్టి ఉతికేది. కాస్త గట్టిగున్నది కింద పరిచేది. చిరుగులన్నీ నడుమ పొరలుగా పేర్చేది. పైన ఇంకో చీర కప్పి నాలుగు మూలలా రాళ్లు పెట్టేది. అంచు నుంచి లోపలికి దగ్గర దగ్గరగా కుట్టుకుంటూ పోయేది. కుట్టు ఎడమైతే ఉతికినప్పుడు లోపలి గుడ్డ ముద్దగడతది. కూలికి పోయొచ్చి, దీపం పెట్టినంక చేసే పని అది. చలికాలం పిల్లలందరం దాని కిందనే.

పాతగుడ్డకు ఇంకో చరిత్ర కూడా ఉంది. బుద్ధుడి భిక్షువులు చెత్తకుప్పల్లో, శ్మశానాల్లో దొరికిన పేలికలు ఏరి, ఉతికి, కుట్టి చీవరంగా కప్పుకున్నరు. దాన్ని పాంసుకూలం అన్నరు. మగధ వరిమళ్లను చూపించి, అతుకులు ఆ తీరుగా ఉండాలని బుద్ధుడు అడిగితే ఆనందుడు అట్లనే చేయించాడని వినయపిటకం చెప్తది. మనువు శిక్షగా వేసిన గుడ్డ బుద్ధుడి దగ్గర గౌరవమైంది. అయితే భిక్షువు ఆ పేలికను తానే కోరుకున్నడు. మా అమ్మకు కోరుకునే వీలెక్కడిది? ఈ తేడా మరిచి బొంత అందాన్ని పొగిడితే అది కూడా మోసమే.

మనలాంటోళ్లు సముద్రం అవతలా ఉన్నరు. అమెరికాలో, అలబామా రాష్ట్రంలోని గీస్ బెండ్‌లో, బానిసల సంతతి అయిన నల్లజాతి ఆడోళ్లు అరిగిపోయిన పనిబట్టలతో బొంతలు కుట్టుకున్నరు. పౌరహక్కుల పోరాట కాలంలో, 1966లో, ఆ ప్రాంతపు ఆడోళ్లు ‘ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ’ అనే సహకార సంఘం పెట్టుకున్నరు. 2002లో గీస్ బెండ్ బొంతలు న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం గోడలెక్కినయి. కుట్టినోళ్ల పేర్లు కూడా లోకానికి తెలిసినయి.

మనకు గోడ కన్నా పేరు ముఖ్యం. చదువుకుంటున్న తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! మీ ఇంట్లో పాత బొంత ఉంటే పారేయకండి. ఎవరు కుట్టారో, ఏ ముక్క ఏ ఇంటి నుంచి వచ్చిందో, దానికి బదులు ఎన్నాళ్ల చాకిరీ చేశారో మీ అమ్మల్ని, అమ్మమ్మల్ని అడిగి రాసుకోండి. దొరల కాగితాల్లో ఎక్కని మన వెట్టి లెక్క అక్కడనే దొరుకుతది.