గసాక్ వాగు పక్కన కాబెర్నే

దక్షిణ ఫ్రాన్స్‌లో మోంపెలియే నుంచి ఎరో నది వైపు వస్తే, గుట్టల అంచున మా ఊరు అన్యాన్ కనిపిస్తుంది. ఎనిమిదో శతాబ్దం చివర్లో బెన్వా అనే సన్యాసి ఇక్కడ మఠం పెట్టాడు. ఫ్రెంచి విప్లవం తర్వాత అది నూలు మిల్లయింది, ఆ పైన జైలయింది. కానీ ఈ కాలంలో మా ఊరి పేరు దూరదేశాలకు పాకింది మాత్రం ఒక ద్రాక్షతోట వల్లే.

1970ల మొదట్లో మియో పట్నంలో తోలు చేతితొడుగుల వ్యాపారం చేసే ఎమే గిబేర్, భార్య వెరొనీక్‌తో కలిసి గసాక్ వాగు దగ్గర దోమా వాళ్ల పాత ఇల్లు, పొలం కొన్నాడు. ఏం పండించాలో అప్పటికి తేల్చుకోలేదు. బోర్దో నుంచి వచ్చిన భూగోళ శాస్త్రవేత్త ఆంజల్బేర్ ఆ మట్టి చూసి, మేలైన ద్రాక్షకు ఇది తగిన నేల అన్నాడు. పిడికిట పడితే పొడిపొడిగా రాలే ఎర్రమట్టి అది, నీరు నిలవదు. రాత్రిళ్లు లార్జాక్ పీఠభూమి వైపు నుంచి చల్లగాలి లోయలోకి దిగుతుంది. పగటి ఎండ ఎంత కాల్చినా పండులో పులుపు చచ్చిపోకపోవడానికి కారణం అదే.

అసలు సాహసం మొక్కల ఎంపికలో ఉంది. చుట్టూ కారిన్యాన్, అరమోన్ రకాల ద్రాక్ష పండించి పీపాల లెక్కన అమ్ముకునే ప్రాంతంలో గిబేర్ దంపతులు బోర్దో రకమైన కాబెర్నే సొవిన్యోన్ నాటారు. అడవిని పూర్తిగా కొట్టేయకుండా, పొదల మధ్య చిన్నచిన్న మడులు చేశారు. బోర్దో వైన్ పండితుడు ఎమీల్ పేనో సలహాతో 1978 పంట నుంచి మొదటి ఎర్ర వైన్ తీశారు. ఇక్కడి నిబంధనలకు ఇమడని రకం కాబట్టి దానికి దక్కింది కింది తరగతి లేబులే. అయినా 1982లో గో-మియో పత్రిక దాన్ని బోర్దోలోని పేరున్న వైన్ లఫీత్‌తో పోల్చింది.

2000లో కాలిఫోర్నియా కంపెనీ మొండావి మా అర్బుసాస్ కొండ అడవిలో తోట వేయాలని వచ్చింది. గిబేర్ ఎదురు నిలిచాడు, ఊరు రెండుగా చీలింది. 2001 ఎన్నికల్లో ఆ పథకాన్ని సమర్థించిన మేయర్ ఓడిపోయాడు, కంపెనీ వెనక్కి తగ్గింది. అడవి మిగలడమే మంచిదైందని నా నమ్మకం. అలాగని, ఆ పెట్టుబడితో నాలుగు ఉద్యోగాలు వస్తాయని ఆశపడ్డ వాళ్లను తప్పుపట్టలేను. అప్పటికే ఈ ప్రాంతంలో పాత తోటలు పీకేస్తే యూరప్ డబ్బిచ్చే రోజులు నడుస్తున్నాయి.

ఆ పీకివేత నుంచి కొన్ని తోటలనైనా కాపాడాలని గిబేర్ కుటుంబం 1990ల మొదట్లో విల్‌వేరాక్ సహకార సంఘం రైతులతో చేయి కలిపింది. ఆ పొత్తు పేరు మూలాన్ ద గసాక్. నా దృష్టిలో గిబేర్ల సొంత తోట వైన్, అంటే మేం పెద్ద సీసా అనుకునేదానికన్నా, ఇదే గొప్ప పని. ఇందులో గిలెమ్ అనే ఎర్ర వైన్ సిరా, గ్రెనాష్, ఒకప్పుడు అందరూ చిన్నచూపు చూసిన కారిన్యాన్ కలిపి చేస్తారు. పెద్ద సీసా కొనే డబ్బుతో ఇవి నాలుగైనా వస్తాయి.

ఎమే 2016లో కన్నుమూశాడు. ఇప్పుడు తోట కొడుకుల చేతిలో ఉంది. ఒకప్పుడు ఏ ఊరి పేరుకూ నోచుకోని ఆ పెద్ద సీసా మీద ఇప్పుడు 'సాన్-గిలెమ్-ల-దెజేర్, సితే దన్యాన్' అని మా ఊరి పేరు కూడా అచ్చవుతోంది. గిలెమ్ మాత్రం కాస్త చల్లబరిచి, వేటమాంసం వేపుడు పక్కన పెట్టుకుని తాగండి. దాచిపెట్టి ఏళ్లు ఆగాల్సిన పని లేదు.