మా నాయిన గుంజిన గొలుసు

ఫిల్మ్‌నగర్ బస్తీలో మా ఇల్లు 40 గజాలు. రెండు రూములు. అందులో ఒక రూము నిండా పాత సర్వే సామానే. ఇత్తడి థియోడలైట్ ఒకటి, ప్రిస్మాటిక్ కంపాసులు మూడు, పలక పగిలిన ప్లేన్ టేబుల్, తుప్పుపట్టిన గొలుసులు నాలుగు. ఇంటికొచ్చినోళ్లు నవ్వుతారు. ‘గుంట జాగ లేనోనికి ఇవెందుకే?’ అంటారు. గుంట జాగ లేదు కాబట్టే ఏరుతున్నాను.

మా నాయిన ఊళ్లో వెట్టి చేసిన మాదిగ. పట్వారీ కబురు పెడితే గొలుసు గుంజాలె, హద్దురాళ్లు మోయాలె. గొలుసుకి ఒక కొసన నాయిన, రెండో కొసన మా చిన్నాయిన. గిర్దావరు చెట్టు నీడన కూచునేవాడు. మావాళ్లు ఎండలో ‘ఒకటీ, రెండూ’ అని కేకేస్తే పట్వారీ రాసుకునేవాడు. పొద్దుగూకినాక గొలుసు మీద నీళ్లు చల్లిగానీ ఇంట్లోకి తీసుకపోయేవాడు కాదు. మేం పట్టిన గొలుసు మైల. ఆ గొలుసు కొలిచిచ్చిన భూమి మాత్రం మైల కాదు!

ఆ గొలుసు 33 అడుగులు, 16 లింకులు. సర్కారు కాయితాల్లో జరీబు. నైజాం రాజ్యంలో మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉన్నప్పుడు 1870లలో సర్వే సెటిల్‌మెంటు పనులు మొదలైనయి. గొలుసు పొడుగు, గొలుసు వెడల్పు అయితే ఒక గుంట. అంటే 121 గజాలు. 40 గుంటలు ఎకరం. ఆంధ్ర జిల్లాల్లో లెక్క వేరు. ఇంగ్లండులో ఎడ్మండ్ గంటర్ 1620లో చేసిన 66 అడుగుల గొలుసు, నూరు లింకులు. అక్కడ గొలుసు చదరం పది సెంట్లు. బడి ముఖం చూడని మా నాయినకి గుంటల లెక్కంతా నోటికొచ్చు.

1978లో మాకూ ఎకరం పట్టా ఇచ్చారు. 1973 సీలింగు చట్టం కింద తేలిన మిగులు భూమి అన్నారు. కాయితం మీద సర్వే నెంబరుంది, విస్తీర్ణముంది. అది భూమ్మీద ఎక్కడుందో చూపించడానికి మాత్రం ఎవరూ రాలేదు. ఊరందరి హద్దులు తేల్చిన మనిషి తన ఎకరానికి గొలుసు వేయించుకోలేకపోయాడు. ‘కాయితం వచ్చింది గానీ గొలుసు రాలే బిడ్డా’ అనేవాడు. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం పటేల్ పట్వారీ వ్యవస్థను రద్దుచేసింది. పట్వారీగిరీ పోయింది. దొర కబ్జా పోలేదు.

1991లో నేను పని వెతుక్కుంటూ పట్నం వచ్చాను. అప్పటికే సినిమా పరిశ్రమ మద్రాసు నుంచి ఈ గుట్టలకి చేరుతోంది. జూబ్లీహిల్స్ చుట్టుపక్కల దస్తావేజుల్లో తరచుగా కనపడేది షేక్‌పేట గ్రామం సర్వే నెంబరు 403. ఆ నెంబరు మీద బంగళాలూ ఉన్నయి, బస్తీలూ ఉన్నయి. నాకు ఆర్ట్ డిపార్ట్‌మెంటులో ప్రాపర్టీ తెచ్చే పని దొరికింది.

ఒక సినిమాలో తెల్లదొర భూమి కొలిచే సీను. థియోడలైట్ కావాలన్నారు. కృష్ణానగర్ గోడౌన్లలో లేదు. ముర్గీచౌక్ తిరిగాను, గురువారం జుమ్మేరాత్ బజార్లో పాత ఇనుము కుప్పలు తిరగేశాను. అక్కడే ‘ఎం.ఐ.ఓ. కలకత్తా’ అని చెక్కిన థియోడలైట్ దొరికింది. ఎం.ఐ.ఓ. అంటే సర్వే సామాను చేసే, బాగుచేసే సర్కారు మేథమెటికల్ ఇన్‌స్ట్రుమెంట్ ఆఫీసు. దాని కింద, తూకానికి అమ్మే ఇనుములో ఒక గొలుసు. పిడి చేతిలోకి తీసుకున్నాను. మా నాయిన చేతులు గుర్తుకొచ్చినయి.

షూటింగులో గొలుసు ఎట్ల పట్టాలో ఎవరికీ తెల్వదు. జూనియర్ ఆర్టిస్టులకి నేనే చూపించాను. తీరా తెర మీద థియోడలైట్, దొర కన్ను కనపడ్డయి. గొలుసు పట్టిన చేతులు ఫ్రేములోకి రాలేదు.

చరిత్ర పుస్తకాలూ అంతే. విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర మహా సర్వే మొదలుపెట్టాడు. ఆయన థియోడలైట్ అర టన్ను. 1808లో తంజావూరు గుడి గోపురం మీదికి లాగుతుంటే తాడు తెగి గోడకి కొట్టుకుంది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఆలయ ప్రవేశ చట్టం వచ్చింది 1939లో. యంత్రం మనకన్నా నూటముప్పై ఏండ్ల ముందే గోపురమెక్కింది! 1819లో జార్జి ఎవరెస్టు పార్టీ కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో జ్వరాలతో కూలబడింది, కొందరు చచ్చిపోయారు. 1865లో కొండకి ఆయన పేరు పెట్టారు. లెక్కలు కట్టిన రాధానాథ్ సిక్దార్ పేరు మిగిలింది. యంత్రాలు బాగుచేసిన ఆర్కాటు సయ్యద్ మీర్ మొహసిన్ హుస్సేన్ పేరూ మిగిలింది. మోసినోళ్లు, గుంజినోళ్లు ‘ఖలాసీలు’ అనే ఒక్క మాటలో కలిసిపోయారు.

జూబ్లీహిల్స్‌లో ఒకాయన నా థియోడలైట్‌కి మంచి ధర చెప్పాడు. హాల్లో దీపం పక్కన పెట్టుకుంటాడట. గొలుసు కూడా తీసుకోండి అన్నాను. ‘ఆ తుప్పెందుకు?’ అన్నాడు. రెండూ అమ్మలేదు.

2005 సమాచార హక్కు చట్టం వచ్చినాక ఊరి నక్షా, మా సర్వే నెంబరు టిప్పన్ నకళ్లు తీశాను. అప్పటికి నాయిన లేడు. చిన్నాయిన, నేను, నా కొడుకు గొలుసు తీసుకొని పోయాం. హద్దురాయి దగ్గర ముసలాయన పిడి పట్టుకొని, అలవాటుగా ‘ఒకటీ’ అని కేకేశాడు. ఈసారి రాసుకున్నది నా కొడుకు. మా ఎకరం దొర మామిడితోట నడుమ తేలింది. మా కొలత ఆఫీసుల్లో చెల్లదు, సర్కారు సర్వేయరు పంచనామా కావాలె. అర్జీ పెట్టాం, ఇంకా తిరుగుతున్నాం. కానీ ఇప్పుడు ‘మా భూమి ఎక్కడ?’ అని అడుగుతలేం. ‘ఇదిగో ఇక్కడ’ అని వేలు పెట్టి చూపిస్తున్నాం.

2014 డిసెంబరులో 58 నెంబరు జీవో వచ్చింది. సర్కారు జాగలో ఇల్లేసుకున్న పేదలకి 125 గజాల దాకా ఉచితంగా క్రమబద్ధం చేస్తమన్నారు. అంటే నాయిన గొలుసు చదరానికి నాలుగు గజాలెక్కువ. ఆ రోజుల్లో బస్తీ పిల్లలు నా రూముకి వచ్చి గొలుసు అడిగి తీసుకపోయి ఇంటింటికీ కొలతలు రాసుకున్నారు.

చదువుకుంటున్న తమ్ముళ్లకి, చెల్లెళ్లకి చెప్పేది ఒక్కటే. టిప్పన్ చదవడం నేర్చుకోండి, గొలుసు లెక్క నేర్చుకోండి. పట్టా చేతికిస్తే చప్పట్లు కొట్టి రావద్దు, హద్దురాయి పాతేదాకా కదలొద్దు. మా నాయిన తరం గొలుసు గుంజింది, రాసింది వేరేవాళ్లు. ఇగ రాసేది కూడా మనమే కావాలె.